ఫడ్జ్ గట్టిపడలేదు: రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా జారుతూనే ఉంది

శనివారం_స్వీటు
కోకో పొడితో చేసే పాత పద్ధతి ఫడ్జ్ అండీ, కండెన్స్‌డ్ మిల్క్ రకం కాదు. పంచదార 600 గ్రాములు, తీపి లేని కోకో పొడి 60 గ్రాములు, చిక్కటి పాలు 360 మి.లీ., చిటికెడు ఉప్పు. థర్మామీటర్ 113 డిగ్రీలు చూపించగానే దించి, 55 గ్రాముల వెన్న, ఒక టీస్పూన్ వెనీలా వేసి బాగా కలిపి, వేడివేడిగానే ట్రేలో పోశాను. పన్నెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంది. కత్తి దిగుతోంది, పైకి తీయగానే గాటు మళ్ళీ కలిసిపోతోంది. ఊరు హైదరాబాద్. డీప్ ఫ్రీజర్‌లోకి మారిస్తే గట్టిపడుతుందా?

కొలతబద్ద
ఫ్రీజర్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ముందు ఇవి చెప్పండి.
1. వేలితో తీస్తే తీగలా సాగుతోందా, ఇసుకలా పలుకు తగులుతోందా, పైన నూనె తేలిందా?
2. ట్రే బరువు తీసేస్తే ఫడ్జ్ ఎంత తూగుతోంది?
3. థర్మామీటర్ ముల్లుదా, డిజిటల్‌దా? మరిగే నీళ్ళలో పెట్టి ఎప్పుడైనా చూశారా?
4. పోసేముందు చల్లార్చి గిలకొట్టారా?

శనివారం_స్వీటు
సాగుతోంది, నున్నగా నిగనిగలాడుతోంది. పలుకు లేదు, నూనె తేలలేదు. బరువు 940 గ్రాములు. ముల్లు థర్మామీటరే, నీళ్ళలో పెట్టి చూడలేదు. గిలకొట్టలేదండీ, వెన్న కలిసేదాకా తిప్పానంతే.

పాకశాస్త్రి
నున్నగా సాగుతోందంటే జబ్బు దాదాపు తెలిసినట్టే. రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఫడ్జ్ చల్లబడితే గట్టిపడుతుందని అనుకుంటాం. ఈ రకం విషయంలో అది సగమే నిజం. ఇందులో ముక్క కట్టించేది పంచదార పలుకు. పాకంలో కరిగిన పంచదారలో కొంత భాగం కంటికి, నాలుకకు తెలియనంత సన్నటి పలుకులుగా విడిపోవాలి. మిగతాది ఆ పలుకుల మధ్య చిక్కటి పాకంలా ఉండిపోవాలి. ఆ రెండూ కలిసి ఉన్నప్పుడే కొరికితే తెగుతుంది, నోట్లో పెట్టుకుంటే కరుగుతుంది. మీ ట్రేలో పలుకే పుట్టలేదు. ఇప్పుడు అక్కడ ఉన్నది చాక్లెట్ రుచి ఉన్న లేత పాకం.

పలుకు పుట్టడానికి రెండు కావాలి. ఒకటి, నీళ్ళు తగినంత ఇగిరిపోవాలి. సముద్ర మట్టం లెక్కలో 112 నుంచి 116 డిగ్రీల మధ్య దించమనేది ఇందుకే. పాకం ఎంత చిక్కబడితే అంత పై వేడిలో మరుగుతుంది, అంటే థర్మామీటర్ మనకు చెప్పేది వేడి పేరుతో నీళ్ళ లెక్క. రెండు, దించాక కదపకుండా 43-45 డిగ్రీలకు చల్లార్చి, అప్పుడు గిలకొట్టాలి. అంత చల్లబడ్డ పాకంలో తెడ్డు తిప్పితే ఒకేసారి లక్షల పలుకులు పుడతాయి, ఏదీ పెద్దది కాలేదు. వేడిగా ఉన్నప్పుడే తిప్పితే కొన్నే పుట్టి, అవే లావెక్కి ఇసుకలా తగులుతాయి.

నీళ్ళు ఎక్కువున్న పాకాన్ని ఫ్రిజ్‌లో పెట్టినా ఫ్రీజర్‌లో పెట్టినా ఆ నీళ్ళు ఎక్కడికీ పోవు. ఫ్రీజర్‌లో ముక్కలు తెగుతాయి కానీ పళ్ళెంలో పెట్టిన కాసేపటికే మళ్ళీ జారిపోతాయి.

గోదారి_అత్తయ్య
అమ్మాయ్, అరిసెల పాకం పట్టడం చూసినవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. చిన్న గిన్నెలో చల్లటి నీళ్ళు పోసుకో. పొయ్యి కట్టేసి, అర చెంచా పాకం అందులో వెయ్యి. నీళ్ళలోనే వేళ్ళతో దగ్గరికి తియ్యి.

విడిపోయి నీళ్ళకి రంగు పట్టిందా, ఇంకా చాలా లేత. తీగలా వస్తోంది గానీ ఉండకి చిక్కడం లేదా, దగ్గరికొచ్చింది, ఇంకా కావాలి. నీళ్ళలో ఉన్నంతసేపూ ఉండగా నిలబడి, బయటికి తీసి రెండు వేళ్ళ మధ్య పెట్టగానే మెత్తగా అణిగిందా, అదే నీకు కావాల్సిన పాకం. బయటికి తీశాక కూడా గోళీలా నిలబడి, నొక్కితే గానీ అణగలేదంటే ముదిరిపోయింది. పళ్ళేనికేసి కొడితే ఠంగుమనేది పల్లీ పట్టీ పాకం. అక్కడిదాకా పోతే ఇక ఫడ్జ్ మాటే మర్చిపో.

చూసిన ప్రతిసారీ నీళ్ళు మార్చు. గోరువెచ్చని నీళ్ళలో ముదురు పాకం కూడా లేతగానే అనిపిస్తుంది. చూస్తున్నంతసేపూ పొయ్యి కట్టేసే ఉండాలి, నువ్వు ఉండ చేసేలోపు అక్కడ పాకం రెండు డిగ్రీలు ఎక్కి కూర్చుంటుంది.

శనివారం_స్వీటు
థర్మామీటర్ మరిగే నీళ్ళలో పెట్టి చూశాను. కొస గిన్నె అడుక్కి తగలకుండానే పట్టుకున్నాను. 104 చూపిస్తోంది!

కొలతబద్ద
దొరికింది దొంగ.

ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున. హైదరాబాద్ 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, అక్కడ 98 డిగ్రీల దగ్గర మరగాలి. మీ ముల్లు ఆరు డిగ్రీలు ఎక్కువ చెబుతోంది. ఈ కూడికలు, తీసివేతలు అన్నీ పక్కన పెట్టండి, ఒక్క సూత్రం చాలు: మీ థర్మామీటర్, మీ ఊళ్ళో, మరిగే నీళ్ళలో ఎంత చూపిస్తే దానికి 13 కలపండి. అదే మీరు దించాల్సిన అంకె. థర్మామీటర్ తప్పు, ఊరి ఎత్తు రెండూ అందులోనే సర్దుకుంటాయి. మీకు 104 + 13 = 117. మీరు 113 దగ్గరే దించారు, అంటే నాలుగు డిగ్రీలు తక్కువ. వినడానికి నాలుగే, కానీ ఇంకా ఇగరాల్సిన నీళ్ళు ఆ మేరకు పాకంలోనే ఉండిపోయాయి.

తూకం కూడా ఇదే చెబుతోంది. పంచదార, కోకో, పాలలోని ఘనపదార్థం, వెన్న అన్నీ కలిపి ఈ కొలతలకు సరిగ్గా కాగిన ఫడ్జ్ సుమారు 870-900 గ్రాములు రావాలి. మీది 940. మిగిలింది నీళ్ళే. తూకాన్ని దారి చూపించడానికి వాడుకోండి, తీర్పు మాత్రం అత్తయ్యగారి నీళ్ళ గిన్నెది.

నిమ్మకాయ_జోడు
అడుగున కోకో అంటుకుంటుందని నేనైతే మొదటి నుంచి చివరిదాకా తిప్పుతూనే ఉంటాను. పాకం పలుకు కట్టకుండా చెంచా నిమ్మరసం కూడా పిండుతాను. ఇందులో తప్పేమైనా ఉందా?

పాకశాస్త్రి
రెండూ తప్పే, అదీ ఎదురెదురు దిక్కుల్లో. జిలేబీ పాకంలో నిమ్మరసం పిండేది పలుకు కట్టకూడదని. పులుపు పంచదారను విరిచి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ చేస్తుంది, అవి పలుకుకు అడ్డుపడతాయి. ఫడ్జ్‌లో మనకు కావాల్సిందే పలుకు. అర కిలో పంచదారకు చెంచా నిమ్మరసం పడి అరగంట మరిగితే ఎంత గిలకొట్టినా బంకలానే ఉండొచ్చు. పైగా పాలు విరిగే ప్రమాదం కూడా ఉంది. పలుకు మరీ లావు కాకుండా ఉండాలంటే 600 గ్రాముల పంచదారకు రెండు టేబుల్ స్పూన్ల లిక్విడ్ గ్లూకోజ్ చాలు. నాలుగైదు వేస్తే అదీ సాగుడు మిఠాయే అవుతుంది. తేనె సంగతీ ఇంతే.

తిప్పడం మరుగు వచ్చేదాకానే. బాగా మరుగు పట్టాక గరిటె బయటికి తీసేయాలి. అడుగంటుతుందని భయమైతే మంట తగ్గించండి, లేదా మందపాటి గిన్నె వాడండి. గిన్నె అంచులకు పట్టిన పంచదార రేణువు ఒక్కటి లోపల పడినా దాని చుట్టూ పలుకు పేరుకుపోతుంది. అందుకే మరుగు మొదలవగానే రెండు నిమిషాలు మూత పెడితే ఆవిరే అంచులు కడిగేస్తుంది.

కోకోబీన్
శనివారం_స్వీటు గారూ, పారేయకండి, పూర్తిగా బాగవుతుంది. ఇలా చేయండి.

నాలుగు లీటర్లు పట్టే మందపాటి గిన్నె తీసుకోండి. పాలున్న పాకం మూడింతలు పొంగుతుంది, చిన్న గిన్నెలో అయితే పొయ్యి పాలే. ట్రేలో ఉన్నదంతా అందులో వేసి 150 మి.లీ. నీళ్ళు పోయండి. నీళ్ళు తీసేయాల్సిన దాంట్లో నీళ్ళు పోయడమేమిటని కంగారు పడకండి. అవి లేకుండా నేరుగా వేడి చేస్తే కరిగేలోపే అడుగు మాడుతుంది. సన్న మంట మీద కరగనివ్వండి. గరిటె వెనక నుంచి ఒక బొట్టు తీసి, చల్లారాక వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. అప్పుడు మధ్యరకం మంట, రెండు నిమిషాలు మూత, ఆ తర్వాత మూత తీసి, కదపకుండా మీ థర్మామీటర్‌లో 117 వచ్చేదాకా ఉంచండి. 114 దాటగానే నీళ్ళ పరీక్ష మొదలుపెట్టండి.

వెన్న ఇప్పటికే కలిసి ఉంది కాబట్టి మరిగేటప్పుడు పైన నెయ్యిలా తేలవచ్చు. గిలకొట్టేటప్పుడు చాలామటుకు లోపలికి కలిసిపోతుంది, అప్పటికీ మిగిలితే చెంచాతో తీసేయండి.

దించాక గిన్నెను కదలని చోట పెట్టి, థర్మామీటర్ అందులోనే వదిలేయండి. 43-45కు దిగడానికి గంటకు పైనే పడుతుంది. మీ ముల్లు కింది అంకెల దగ్గర కూడా ఆరే ఎక్కువ చెబుతుందన్న నమ్మకం లేదు, కాబట్టి చెయ్యి నమ్మండి. గిన్నె అడుగు అరచేత్తో పట్టుకుంటే హాయిగా వెచ్చగా ఉండాలి, చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించకూడదు. పాకం మాత్రం వేలితో ముట్టకండి. 110 డిగ్రీల పాకం చర్మానికి పడితే అంటుకుని వదలదు, మరిగే నీళ్ళ కంటే లోతుగా కాలుస్తుంది. పిల్లలుంటే ఆ గంటసేపు వంటింటి తలుపు వేసేయండి.

గోదారి_అత్తయ్య
గిలకొట్టడం దగ్గర అందరూ చేతులెత్తేస్తారు, అది చెప్పు నాయనా.

కోకోబీన్
చెప్తున్నా అత్తయ్యగారూ. చెక్క తెడ్డు తీసుకుని, వెనీలా వేసి, గిన్నె అడుగు నుంచి పైకి మడతపెడుతున్నట్టు ఆపకుండా తిప్పాలి. మొదటి ఐదారు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, చెయ్యి నొప్పి తప్ప. పాకం నల్లగా, అద్దంలా, తెడ్డు నుంచి రిబ్బన్‌లా జారుతుంది. తర్వాత రంగు ఒక మెట్టు తేలికపడుతుంది. తెడ్డు తిరిగిన దారి ఒక్క క్షణం నిలబడి మెల్లగా మూసుకుంటుంది. ఆపైన నిగనిగ పోయి మసకబారుతుంది, తెడ్డు బరువెక్కుతుంది. అదే వేళ! నెయ్యి రాసిన 20 సెంటీమీటర్ల చదరపు ట్రే పక్కనే సిద్ధంగా ఉండాలి. మసకబారాక చేతిలో ఉండేది నిమిషం కూడా కాదు. చేత్తో అయితే మొత్తం పది నుంచి ఇరవై నిమిషాలు. స్టాండ్ మిక్సర్ ఉంటే తెడ్డు బ్లేడుతో, అతి తక్కువ వేగంలో.

ఆ నిమిషం దాటిపోయి గిన్నెలోనే గడ్డకడితే? ఒక చెంచా వేడి పాలు చల్లి, చేతికి వెన్న రాసుకుని చలిమిడిలా మర్దించండి. మెత్తబడుతుంది, ట్రేలోకి అద్దేయండి. చూడటానికి అంత నున్నగా రాదు, రుచికి లోటుండదు.

పాలకోవా_పక్షం
ఇంత యాతన ఎందుకండీ? 940 గ్రాములకు 120 గ్రాముల పాలపొడి కలిపి సన్న మంట మీద ఐదు నిమిషాలు తిప్పితే గట్టిపడుతుంది. అంచులు వదిలి ముద్దలా రాగానే ట్రేలో వేయడమే.

పాకశాస్త్రి
గట్టిపడుతుంది, కాదనను. పాలపొడి ఆ ఎక్కువ నీళ్ళను పీల్చుకుంటుంది. కానీ వచ్చేది చాక్లెట్ బర్ఫీ, ఫడ్జ్ కాదు. కొరికితే కోవాలా ముద్దగా ఉంటుంది, తెగి కరగదు.

పాలకోవా_పక్షం
మా ఇంట్లో చాక్లెట్ బర్ఫీ అంటే ఎవరూ ముఖం తిప్పుకోరు. చుట్టాలు గంటలో వస్తున్నారంటే ఇదే దారి. తీరిక ఉన్నవాళ్ళు మళ్ళీ కాచుకోవచ్చు.

పాకశాస్త్రి
చుట్టాలు గంటలో వస్తే నేనూ మీ పక్షమే. పాలపొడి మాత్రం జల్లించి, మంట కట్టేసి కొద్దికొద్దిగా వేయండి, కలిశాకే మళ్ళీ సన్న మంట పెట్టండి. మరుగుతున్నదాంట్లో గుమ్మరిస్తే ఉండలు కడుతుంది.

డబ్బా_పాలు
నాది కండెన్స్‌డ్ మిల్క్ రకం. 400 గ్రాముల డబ్బాకు 200 గ్రాముల మిల్క్ చాక్లెట్ వేశాను. రొట్టెకు రాసుకునేలా ఉంది. దీన్నీ 117 దాకా కాచాలా?

కోకోబీన్
వద్దు వద్దు! ఇది వేరే జాతి. ఇక్కడ ముక్క కట్టించేది పంచదార పలుకు కాదు, చాక్లెట్‌లోని కోకో వెన్న. అది చల్లబడితే బిగుసుకుంటుంది, కాబట్టి ఇక్కడ ఫ్రిజ్ నిజంగానే పనిచేస్తుంది, చాక్లెట్ తగినంత ఉంటే. 400 గ్రాముల డబ్బాకు మామూలు డార్క్ చాక్లెట్ 450-500 గ్రాములు కావాలి. మిల్క్ చాక్లెట్‌లో కోకో తక్కువ, కనీసం 550 వేయాలి. మీరు సగం కూడా వేయలేదు. వేడి నీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి మీ ముద్దను మెల్లగా వెచ్చబెట్టి, తరిగిన డార్క్ చాక్లెట్ 200-250 గ్రాములు కలపండి. కరగగానే దించేయాలి, మరగకూడదు. వేడెక్కితే నూనె విడిపోతుంది. ట్రేలో పోసి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి.

చాక్లెట్ సిరప్ సీసా చాక్లెట్‌కు బదులు కాదు, అందులో బిగుసుకునే కొవ్వే ఉండదు. ఎవాపొరేటెడ్ మిల్క్ డబ్బా కూడా వేరు. అది చక్కెర లేని చిక్కబెట్టిన పాలు, దాంతో ఇలా చేస్తే పులుసే.

డెన్వర్_తెలుగు
కొలతబద్ద గారి సూత్రం ఇక్కడివాళ్ళకు ఇంకా అవసరం. డెన్వర్ 1600 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్ళు 95 డిగ్రీల లోపే మరుగుతాయి. పుస్తకంలో ఉన్న 113 ఇక్కడ పాటిస్తే ఐదారు డిగ్రీలు ముదిరిపోయి ఫడ్జ్ పొడిపొడిగా రాలుతుంది. 107-108 దగ్గరే దించాలి. ఫారెన్‌హీట్ థర్మామీటర్ అయితే మరిగే అంకెకు 23 కలపండి.

పాలకు బదులు క్రీమ్ వేయొచ్చా అని వేరే చోట ఎవరో అడిగారు. నిక్షేపంగా. 1888లో అమెరికాలోని వాసర్ కాలేజీలో ఎమెలిన్ హార్ట్రిడ్జ్ అనే విద్యార్థిని అక్కడి వేలానికి 30 పౌండ్లు చేసిన ఫడ్జ్ కొలత క్రీమ్‌తోనే: రెండు కప్పుల పంచదార, కప్పు క్రీమ్, 2 ఔన్సుల తీపి లేని చాక్లెట్, చెంచా వెన్న.

తీపి_తక్కువ
పంచదార 600 బదులు 300 వేస్తే?

కొలతబద్ద
గోడ కట్టేటప్పుడు ఇటుకలు సగం తగ్గించినట్టు. ఇందులో నిలబెట్టేదే పంచదార. ముక్కలు చిన్నగా కోయండి, వేయించిన జీడిపప్పో అక్రోటో 100-150 గ్రాములు మసకబారే ముందు కలపండి, కాస్త ఉప్పు పెంచండి.

బెల్లం_బాబు
బెల్లంతో?

పాకశాస్త్రి
మొత్తం బెల్లంతో వద్దు. పాలల్లో మరిగితే విరగవచ్చు. పైగా బెల్లంలో ముందే విరిగిన చక్కెర ఉంటుంది, సరిగ్గా పలుకు కట్టదు. అమెరికాలో బ్రౌన్ షుగర్‌తో చేసే పెనూచీ అనే ఫడ్జ్ ఉంది, కానీ బ్రౌన్ షుగర్‌లో ఎక్కువ భాగం పంచదారే. 600లో 150 గ్రాముల దాకా బెల్లం పెట్టి చూడవచ్చు. విడిగా కరిగించి, వడకట్టి, పాలు పంచదారతో ఒక మరుగు వచ్చాక పోయండి.

విశాఖ_ఉక్కపోత
కోస్తాలో ఉన్నవాళ్ళకు ఒక మాట. వానాకాలంలో ఫడ్జ్ సరిగ్గా కాగినా, మూత లేకుండా పెడితే గాలిలో తేమ పీల్చుకుని పైపొర జిగురెక్కుతుంది. లోపల బాగానే ఉంటుంది. అలాంటి రోజుల్లో ఒక డిగ్రీ ఎక్కువ కాచండి, ఆరగానే బటర్ పేపర్ చుట్టి గాలి చొరని డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్ నుంచి తీస్తే డబ్బా గది వేడికి వచ్చాకే మూత తీయాలి, లేదంటే ముక్కల మీద చెమట పడుతుంది.

శనివారం_స్వీటు
మళ్ళీ కాచాను. 150 మి.లీ. నీళ్ళు, ఒక టేబుల్ స్పూన్ లిక్విడ్ గ్లూకోజ్. 115 దగ్గర నీళ్ళలో తీగలా వచ్చింది, 117 దగ్గర ఉండ నిలబడి వేళ్ళ మధ్య అణిగింది. చల్లారడానికి గంటా ఇరవై నిమిషాలు. తెడ్డుతో పదిహేడో నిమిషంలో మసకబారింది. ట్రేలో తూకం 885 గ్రాములు. రెండు గంటలకు బయటే ముక్కలు తెగాయి, ఫ్రిజ్ అక్కర్లేకపోయింది. ఒక మూల మాత్రం కొంచెం గరుకుగా ఉంది, ఎందుకు?

పాకశాస్త్రి
గిన్నె అంచులు గీకి ఆ మూలన వేశారా?

శనివారం_స్వీటు
గీకానండీ, వృథా ఎందుకని.

గోదారి_అత్తయ్య
ఆ గీకుడు ట్రేలోకి కాదమ్మా, చెంచా నాకేవాళ్ళకి. మిగిలిన గిన్నెలో వేడి నీళ్ళు పోసి అరగంట వదిలెయ్, తోమక్కర్లేకుండానే వదులుతుంది.